ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు: వారసత్వ సమాచారానికి నాలెడ్జ్ గ్రాఫ్ కట్టే పద్ధతి

నాలెడ్జ్ గ్రాఫ్ అంటే వస్తువులను, మనుషులను, సంఘటనలను బిందువులుగా, వాటి మధ్య సంబంధాలను గీతలుగా దాచే సమాచార నిల్వ. దానికి ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలని అడిగేవారికి నేను ముందుగా చెప్పేది ఒకటే: పది ప్రశ్నలు రాసుకోండి. గ్రాఫ్ సిద్ధమయ్యాక పరిశోధకులు దాన్ని అడగబోయే ప్రశ్నలు. ఈ వస్తువు ఎవరెవరి చేతులు మారింది? ఒకే శిల్పి పనులు ఇప్పుడు ఏయే మ్యూజియాల్లో ఉన్నాయి? ఈ కాలనిర్ణయం ఎవరు చేశారు, ఏ ఆధారంతో? మీ ప్రశ్నలన్నీ ‘మట్టి కుండలు ఎన్ని ఉన్నాయి’ వంటివే అయితే పట్టికే చాలు, గ్రాఫ్ కోసం శ్రమపడకండి.

ప్రశ్నలు చేతికి వచ్చాక ఒక్క వస్తువును తీసుకుని కూర్చోండి. నేను కొత్తవారికి నేర్పేటప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఈజిప్టు శాసన రాయి, రొజెట్టా శిలను తీసుకుంటాను. పట్టికలో దాని వరుస ఇలా ఉందనుకుందాం: పదార్థం బసాల్ట్, కాలం క్రీ.పూ. 196, స్థలం రషీద్, దాత మూడవ జార్జ్. చూడటానికి చక్కగానే ఉంది. కానీ క్రీ.పూ. 196 అన్నది ఈజిప్టు రాజు ఐదవ టాలెమీ పేరిట వెలువడిన శాసనం తేదీ. ఈజిప్టులోని రషీద్ 1799 జులైలో ఫ్రెంచ్ సైనికులకు శిల దొరికిన చోటు. ఆ సైనికులు ఒక కోటను బాగుచేస్తుండగా అది బయటపడింది, అంటే అప్పటికే ఎవరో దాన్ని గోడ రాయిగా వాడేశారు. దాత అయిన బ్రిటిష్ రాజు పేరేమో 1802లో బ్రిటిష్ మ్యూజియంకు చేరిన ఘట్టానిది. రెండు వేల ఏళ్ల దూరంలో ఉన్న సంఘటనలు ఒకే వరుసలో పక్కపక్కన కూర్చున్నాయి.

అందుకే లక్షణాలను వస్తువుకు తగిలించకండి. సంఘటనలను విడదీసి, ఒక్కోదాన్ని గ్రాఫ్‌లో ఒక్కో బిందువుగా, అంటే నోడుగా పెట్టండి. ఇందుకు మొదటి నుంచీ కొత్త నమూనా కనిపెట్టనక్కర్లేదు. అంతర్జాతీయ మ్యూజియం మండలికి చెందిన డాక్యుమెంటేషన్ కమిటీ రూపొందించిన సీడాక్ సీఆర్ఎమ్ ఉంది, 2006లో ఐఎస్ఓ 21127 ప్రమాణంగా వెలువడింది. అది సంఘటనలే కేంద్రంగా నడుస్తుంది. దాన్నిబట్టి మన శిల గురించి మూడు ముక్కల వాక్యాలు రాయవచ్చు:

చెక్కడం‑1 → తయారుచేసింది → శిల‑1
చెక్కడం‑1 → జరిగిన కాలం → కాలం‑1
బదిలీ‑1 → సంరక్షణ మార్చింది → శిల‑1
బదిలీ‑1 → జరిగిన కాలం → కాలం‑2

గ్రాఫ్ సమాచారాన్ని రాసే ప్రమాణ పద్ధతి ఆర్‌డీఎఫ్‌లో ఇలాంటి ఒక్కో వాక్యాన్నే ట్రిపుల్ అంటారు. నోడులకు పెట్టే శాశ్వత చిరునామాల్లో వస్తువు పేరును గానీ, ఊరిని గానీ, పదార్థాన్ని గానీ ఇరికించకండి. అవన్నీ మారతాయి, చిరునామా మారకూడదు.

మూడో వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగండి. సీఆర్ఎమ్‌లో వస్తువుపై చట్టబద్ధమైన హక్కు మారితే అక్విజిషన్, వస్తువు ఎవరి దగ్గర ఉందన్నది మాత్రమే మారితే ట్రాన్స్‌ఫర్ ఆఫ్ కస్టడీ. 1801లో ఫ్రెంచ్ సైన్యం లొంగిపోయినప్పుడు శిల బ్రిటిష్ వారి చేతికి వెళ్లింది. దాన్ని అక్విజిషన్ అని రాస్తే హక్కు కూడా మారిందని మీరే తీర్పు చెప్పినట్టు అవుతుంది. శిల అంచున బ్రిటిష్ సైన్యం 1801లో ఈజిప్టులో దీన్ని స్వాధీనం చేసుకుందని ఇంగ్లీషులో రంగుతో రాసి ఉంది. అదీ ఒక పక్షం మాటే. యుద్ధాల్లో, వలస పాలనలో చేతులు మారిన వస్తువులకు నేను ముందు కస్టడీ మార్పును మాత్రమే రాస్తాను. హక్కు మారిందని ఎవరైనా వాదిస్తే ఆ వాదనను వారి పేరుతోనే విడిగా చేరుస్తాను.

ఇక పదార్థం. శిలను కాపాడటానికి ఒకప్పుడు పైన మైనం పూశారు. దాంతో రాయి నల్లబడి, నల్ల బసాల్ట్ అని పొరబడ్డారు. 1999లో శుభ్రం చేశాక అసలు ముదురు బూడిద రంగు బయటపడింది. అది గ్రానోడయొరైట్. ఇప్పుడు పట్టికలో ఏం చేస్తారు? చాలామంది బసాల్ట్‌ను చెరిపి కొత్త మాట రాస్తారు. దయచేసి అలా చేయకండి. బసాల్ట్ అన్న నమ్మకం మీద పాత పరిశోధకులు చేసిన పోలికలన్నీ అప్పుడు ఆధారం తెలియకుండా గాలిలో వేలాడతాయి. సీఆర్ఎమ్‌లో అట్రిబ్యూట్ అసైన్‌మెంట్ అనే తరగతి ఉన్నది ఇందుకే. ‘ఫలానావారు, ఫలానా ఏడు, ఫలానా ఆధారంతో, ఈ వస్తువుకు ఈ లక్షణం చెప్పారు’ అన్న మొత్తం మాటనే ఒక నోడు చేయవచ్చు. రెండు నిర్ణయాలనూ ఉంచండి, నేడు ఏది సరైనదని ఒప్పుకుంటున్నారో విడిగా గుర్తు పెట్టండి. ప్రతి ట్రిపుల్‌కూ ఇంత పని అక్కర్లేదు. వివాదం ఉన్నచోట, మారిన చోట తప్పనిసరి.

తేదీల్లో ఒక గుంట ఉంది, చూసుకుని అడుగేయండి. ఐఎస్ఓ 8601 లెక్కలో సున్నా సంవత్సరం ఉంది కాబట్టి క్రీ.పూ. 196ను −0195గా రాయాలి. −0196 అని రాస్తే ఒక ఏడు వెనక్కి పోతుంది. ‘సుమారు’, ‘శతాబ్దం మొదట్లో’ వంటి మాటలకు ఒకే ఏడు ఎంచుకోకండి. ఎంత ముందుగా మొదలై ఉండవచ్చు, ఎంత ఆలస్యంగా ముగిసి ఉండవచ్చు అన్న రెండు హద్దులూ ఇచ్చి, మూలంలోని మాటను కూడా యథాతథంగా దాచండి.

తరువాతది పేర్లను కలపడం, అంటే మీ జాబితాలోని పేర్లను అందరూ వాడే పేర్ల కోశాలతో జతచేయడం. కళాకారులకు గెట్టీ సంస్థ వారి యులాన్, పదార్థాలకు, వస్తు రకాలకు ఏఏటీ, స్థలాలకు టీజీఎన్ లేదా జియోనేమ్స్, అన్నిటికీ వికీడేటా. సమాచారాన్ని శుభ్రపరిచే సాఫ్ట్‌వేర్ ఓపెన్‌రిఫైన్‌లో మీ జాబితాను వీటితో సరిపోల్చవచ్చు. నాకు పెద్ద దెబ్బ తగిలింది ఇక్కడే. ముద్రణ చిత్రాల సేకరణ ఒకటి చేస్తున్నప్పుడు, ఎక్కువ మార్కులు వచ్చిన జతలన్నిటినీ ఒక్క నొక్కుతో ఒప్పేసుకున్నాను. ఒకే పేరున్న తండ్రీ కొడుకులు ఒకే మనిషి అయిపోయారు. కొన్ని వారాల తరువాత ‘చనిపోయాక కూడా పని చేసినవారు ఎవరు?’ అని గ్రాఫ్‌ను ప్రశ్నించే భాష స్పార్కల్‌లో అడిగితే, మరణించిన 31 ఏళ్లకు ఒక చిత్రం చెక్కిన కళాకారుడు దొరికాడు. ఆ ఇద్దరినీ విడదీయడానికి ప్రతి చిత్రం వెనుక సంతకాన్ని మళ్లీ చదవాల్సి వచ్చింది. అప్పటినుంచి పుట్టిన ఏడు, పనిచేసిన ఊరు, ఈ రెండూ సరిపోతేనే జత కలుపుతున్నాను. అనుమానం ఉంటే ‘అదే’ అన్న సంబంధం బదులు ‘దగ్గరి పోలిక’ అని పెడతాను. ‘అదే’ అన్నారంటే యంత్రం ఇద్దరి జీవితాలనూ కలిపేస్తుంది.

ఆ చనిపోయినవారి ప్రశ్న వంటివాటిని గ్రాఫ్‌లో తప్పులు పట్టే నియమాలు రాసే భాష షాకల్‌లో రాసి, కొత్త సమాచారం చేరిన ప్రతిసారీ నడపండి. తయారీ సంఘటనకు కాలం ఉండాలి, బదిలీలో ఇచ్చినవారో పుచ్చుకున్నవారో ఒకరైనా ఉండాలి, మరణం తరువాత పని ఉండకూడదు. నిల్వకు ఫ్యుసెకీ, గ్రాఫ్‌డీబీ అనే గ్రాఫ్ డేటాబేస్‌లలో ఏదైనా సరిపోతుంది, దీని గురించి వారాలు చర్చించనక్కర్లేదు.

బయట పెట్టే ముందు ఒక్కటి మరిచిపోవద్దు. తవ్వకం స్థలాల కచ్చితమైన అక్షాంశ రేఖాంశాలు దొంగ తవ్వకందార్లకు దారి చూపిస్తాయి. పవిత్ర వస్తువుల వివరాల్లో కొన్ని ఆ సమాజం బయట చెప్పేవి కావు. వాటిని వేరే గ్రాఫ్‌లో, అనుమతి ఉన్నవారికి మాత్రమే తెరుచుకునేలా ఉంచండి.

పది వస్తువులు పూర్తి కాగానే, వందకు వెళ్లకుండా, మొదట రాసుకున్న పది ప్రశ్నలనూ గ్రాఫ్‌ను అడగండి. జవాబు రాని ప్రశ్న దగ్గర ఏ సంఘటన తప్పిపోయిందో వెతకండి. నా అనుభవంలో అది చాలాసార్లు పాత రిజిస్టరు అంచున ఎవరో పెన్సిలుతో రాసిన ఒక వాక్యంలో ఉంటుంది, పట్టికలోకి ఎక్కించినవారు దాన్ని ‘రిమార్కులు’ గడిలో వదిలేసి ఉంటారు.