మహోగని గిటార్ ఉన్నవాళ్లు వాతావరణం మారేముందు చూసుకోవాల్సినవి

"మహోగని నిలకడైన చెక్క, దానికేమీ కాదు" అన్న మాట గిటార్ వాయించేవాళ్లలో బాగా చెలామణీలో ఉంది. అబద్ధమేమీ కాదు. పచ్చి చెక్క పూర్తిగా ఎండేసరికి, గిటార్ ముందు పలకలకు వాడే సిట్కా స్ప్రూస్ చెట్టు వలయాల వెంబడి 7.5 శాతం దాకా కుంచించుకుపోతుంది. అదే దిశలో అసలు మహోగని 4 శాతం దగ్గర ఆగుతుంది. మెడలకు తరతరాలుగా ఈ చెక్కనే వాడుతూ రావడానికి ఒక కారణం ఇదే. అయినా పొడిగాలి కాలం ముగిసేసరికి రిపేరు బల్ల మీదకు చేరే ఖరీదైన గిటార్లలో మహోగనివి లేకుండా ఉండవు.

మహోగని గిటార్ అన్నామే గానీ అందులో ఉన్నదంతా మహోగని కాదు. మార్టిన్ డీ-18, గిబ్సన్ జే-45 లాంటి వాటికి వెనుక పలక, పక్కలు మహోగని, ముందు పలక స్ప్రూస్. మార్టిన్ 15 సిరీస్ లాగా ముందు పలక కూడా మహోగనితో చేసిన వాటిలో సైతం ఫ్రెట్‌బోర్డు (మెడ మీద తీగలు నొక్కే పలక), బ్రిడ్జి (ముందు పలక మీద తీగలు బిగించే చెక్క) వేరే చెక్కే. ఎక్కువగా ఎబొనీ, లేదంటే రోజ్‌వుడ్. పలకలను పట్టి ఉంచేందుకు లోపల అతికించిన కడ్డీలు, అంటే బ్రేసులు, సాధారణంగా స్ప్రూస్. ఈ చెక్కల్లో ఏ రెండూ ఒకే లెక్కన కదలవు.

అంతకన్నా పెద్ద చిక్కు నార దిశ. చెక్క నారకు అడ్డంగా ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. నార పొడవునా దాదాపు కదలనే కదలదు. వెనుక పలక నార నిలువుగా ఉంటే, దాన్ని పట్టి ఉంచే బ్రేసుల నార అడ్డంగా ఉంటుంది. గాలి ఎండిపోయి పలక వెడల్పు తగ్గుదామని చూస్తే బ్రేసు తగ్గనివ్వదు. అప్పుడు జిగురైనా వదలాలి, పలకైనా పగలాలి. అందుకే కాలం మారేముందు మహోగని మెరుపు చూసి మురిసిపోవడం కాదు, అతుకులన్నీ ఒకసారి చూసుకోవాలి.

ముందు తేమ సంగతి

మార్టిన్, టేలర్ రెండు కంపెనీలూ గాలిలో సాపేక్ష తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంచమంటాయి. ఒకరోజు 38కి పడిపోయిందని, ఇంకోరోజు 62కి వెళ్లిందని కంగారు పడక్కర్లేదు. వారాల తరబడి 40కి కిందే ఉండిపోతే మాత్రం ఏదో ఒకటి కదులుతుంది.

చలికాలంలో హీటర్ వేసుకునే ఇళ్లలో ఇది ఎంత సులువుగా జరిగిపోతుందో చాలామంది ఊహించరు. బయట సున్నా డిగ్రీల దగ్గర 80 శాతం తేమతో ఉన్న గాలిని లోపలికి తెచ్చి 20 డిగ్రీలకు వేడి చేస్తే, అందులో సాపేక్ష తేమ 20 శాతం దగ్గరకు దిగిపోతుంది. నీళ్లు ఎక్కడికీ పోలేదు. వెచ్చటి గాలి పట్టగలిగే తేమ పెరిగింది, అంతే. ఆ లోటు ఎక్కడో అక్కడ పూడాలి కాబట్టి గదిలో ఉన్న చెక్కలోంచి పీల్చుకుంటుంది. ఏసీ దారి వేరు. అది గాలిలోని నీటిని బయటికి తీసేస్తుంది. రోజంతా ఏసీ నడిచే గదిలో, సరిగ్గా దాని గాలి తగిలే గోడకు గిటార్ తగిలించి ఉంటే దాని చోటు మార్చాకే మిగతా పనులు చూడండి.

తేమ కొలిచే హైగ్రోమీటర్ లేకుండా ఈ జాగ్రత్తలన్నీ గుడ్డెద్దు చేలో పడ్డట్టే. పెద్ద ఖరీదు పెట్టాల్సిన వస్తువేం కాదు. కాకపోతే అది చెప్పేది నిజమో కాదో ముందు తేల్చుకోవాలి. ఒక సీసా మూతలో మామూలు ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేవరకు మాత్రమే చుక్కలు చుక్కలుగా నీళ్లు కలపండి. ఉప్పు పూర్తిగా కరిగిపోతే లెక్క తప్పుతుంది. ఆ మూతను, హైగ్రోమీటర్‌ను పక్కపక్కన ఒక జిప్ కవర్లో పెట్టి, గాలి చొరకుండా మూసి, ఎండ తగలని చోట రాత్రంతా వదిలేయండి. లోపలి తేమ 75 శాతం దగ్గర స్థిరపడుతుంది. పొద్దున్నే కవర్ తెరవకుండానే అంకె చూడండి. 70 చూపిస్తే మీ హైగ్రోమీటర్ 5 తక్కువ చెబుతోందన్నమాట. ఒక చిన్న కాగితం మీద "+5" అని రాసి దాని వెనుక అతికించేయండి. ఇకనుంచి దాని చోటు గది గోడ కాదు, గిటార్ కేసు లోపల, హెడ్‌స్టాక్ (మెడ చివర తీగలు బిగించే మరలుండే తల) పక్కన.

తేమ అందించడానికి రెండు వైపులా పనిచేసే ప్యాకెట్లు వచ్చాయి. బొవెడా, డాడారియో వాళ్లవి ఎక్కువగా కనిపిస్తాయి. గాలి ఎండితే తేమ వదులుతాయి, ఎక్కువైతే పీల్చుకుంటాయి. ముందు పలక మీది రంధ్రంలో, అంటే సౌండ్‌హోల్‌లో ఒకటో రెండో, హెడ్‌స్టాక్ దగ్గర ఇంకొకటి పెట్టుకుంటే నెలల తరబడి పనిచేస్తాయి. గట్టిపడి బిస్కెట్టులా అయ్యాయంటే మార్చే టైమొచ్చినట్టే. స్పాంజి రకం హ్యూమిడిఫయర్లు చవక, బాగానే పనిచేస్తాయి, కానీ వాటితో భయమొకటే. గిటార్ లోపలి వైపు ఫినిష్ (పైపూత) ఉండదు, ఒట్టి చెక్క. స్పాంజి నుంచి ఒక్క చుక్క జారినా మరక పడుతుంది, ఎక్కువైతే బ్రేసు అతుకు దాకా పోతుంది. డిస్టిల్డ్ నీళ్లలో ముంచి, గట్టిగా పిండి, పైన గుడ్డతో తుడిచాకే లోపల పెట్టాలి.

గదంతా తేమగా ఉంచే పెద్ద మెషిన్లు నాకంత నచ్చవు. తలుపు తీసిన ప్రతిసారీ మళ్లీ మొదటికొస్తుంది కథ. వాయించనప్పుడు కేసులో పెట్టి మూత వేయడం కన్నా గిటార్‌కు మంచి రక్షణ లేదు. అందంగా గోడకు తగిలించుకోవాలని ఉంటుంది, కాదనను. ఆ పొడి నెలలు గడిచాక తగిలించుకోండి.

ముందే రాసి పెట్టుకోవాల్సిన లెక్కలు

కాలం బాగున్నప్పుడే గిటార్ కొలతలు తీసి పెట్టుకుంటే తర్వాత ఏం మారిందో తెలుస్తుంది. 12వ ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా బిగించిన లోహపు కడ్డీల్లో పన్నెండోది) దగ్గర తీగ కింద ఎంత ఎత్తుందో స్టీలు స్కేలుతో చూడండి. చాలా గిటార్లలో లావు తీగ 2.4 మిల్లీమీటర్ల దగ్గర, సన్న తీగ 1.8 దగ్గర ఉంటాయి. మీది వేరేగా ఉంటే ఉండనివ్వండి, మీ చేతికి అలవాటైన అంకె రాసుకోండి. తర్వాత ఒక పొడవాటి స్కేలును బ్రిడ్జి వెనుక ముందు పలక మీద అడ్డంగా నిలబెట్టండి. పలక మధ్యలో కొద్దిగా ఉబ్బి, స్కేలు అంచులు గాల్లో ఊగుతాయి. అలా ఉండడమే సరి. పొడి కాలం ముదిరాక అదే స్కేలు అంచుల మీద ఆనుకుని మధ్యలో వెలుతురు కనిపిస్తే పలక దిగిపోయిందని అర్థం.

ఇంతకన్నా ముందే చెప్పేసేది బొటనవేలు. మెడ పక్క అంచు వెంబడి కిందికి మీదికి పాముతూ వెళ్లండి. నిన్నటిదాకా నున్నగా ఉన్న అంచుకు ఇవాళ ఫ్రెట్ల కొసలు గరుగ్గా తగులుతుంటే, లోహం పెరగలేదు, ఫ్రెట్‌బోర్డు చెక్క ముడుచుకుంది. మహోగని మెడ ఎంత నిలకడగా ఉన్నా పైనున్న ఎబొనీ అలా ఉండదు. ఈ దశలో ఆకురాయి తీసి కొసలు అరగదీయబోకండి. ముందు తేమ ఇచ్చి రెండు మూడు వారాలు చూడండి. చాలాసార్లు కొసలు వాటంతట అవే లోపలికి సర్దుకుంటాయి.

పొడిలో యాక్షన్, అంటే తీగల ఎత్తు, దిగుతుంది, తీగలు ఫ్రెట్లకు తగిలి గరగరమంటాయి. తేమ కాలంలో దీనికి ఎదురు: ముందు పలక ఉబ్బుతుంది, తీగలు లేచిపోతాయి, వేళ్లు నొప్పెడతాయి, శబ్దం ముసుగు వేసినట్టు మందగిస్తుంది. రెండు సందర్భాల్లోనూ చెయ్యి ముందు ట్రస్ రాడ్ (మెడ లోపలి లోహపు కడ్డీ) తిప్పే తాళంచెవి మీదకే పోతుంది. పోనివ్వకండి. ట్రస్ రాడ్ మెడ వంపును సరిచేసేదే తప్ప పలక ఎత్తును కాదు. తేమ సరిచేశాక కూడా మెడ వంపు తప్పుగానే ఉంటే, ఎనిమిదో వంతు తిప్పు తిప్పి, ట్యూన్ చేసి, ఒకరోజు ఆగి చూడాలి. బ్రిడ్జి మీద తీగలు ఆనే ఎముక పట్టీని, అంటే శాడిల్‌ను, అరగదీయడం ఇంకా తొందరపాటు. వానాకాలంలో ఎత్తుగా ఉందని అరగదీసిన శాడిల్ ఎండలు రాగానే గరగరమంటుంది, అరిగిన ఎముక తిరిగి రాదు. ఏటా ఇదే తంతు అయితే రెండు ఎత్తుల్లో రెండు శాడిళ్లు చేయించుకుని కాలాన్నిబట్టి మార్చుకోవడం మేలు. ఈ పద్ధతి ఎప్పటినుంచో ఉన్నదే.

బ్రిడ్జి సంగతి కూడా అప్పుడే చూడాలి. 12 గేజ్ తీగల సెట్టు (అందులో సన్న తీగ మందం అంగుళంలో వెయ్యికి 12 వంతులు) ట్యూన్‌లో ఉన్నప్పుడు మొత్తంగా 70 కిలోలకు పైనే లాగుతుంది. ఆ బరువంతా మోసేది ఒక్క జిగురు పొర. బ్రిడ్జి వెనుక అంచు దగ్గర పల్చటి కాగితం ముక్క దూర్చి చూడండి. అంచు దగ్గర ఫినిష్ మందం మేర కాస్త దూరడం మామూలే. కాగితం ఇంకా లోపలికి జారుతుంటే తీగలు వదులు చేసి లూథియర్ (గిటార్లు చేసే, బాగుచేసే మనిషి) దగ్గరకు తీసుకెళ్లండి. వెనుక పలకను వేలి కణుపులతో అక్కడక్కడ మెల్లగా తట్టండి. ఎక్కడైనా చిరచిరమనే శబ్దం వస్తే అక్కడ బ్రేసు ఊడుతోందని అనుమానించాలి.

పగులు కనిపిస్తే మాత్రం సూపర్ గ్లూ జోలికి పోవద్దు. ఎండిన చెక్కలో తెరుచుకుని ఉన్న పగులును అలాగే నింపేస్తే, తేమ తగిలాక మూసుకోవాల్సిన చోటు మూసుకోదు. ముందు తేమ, ఆ తర్వాత జిగురు.

వేడి, చలి, ప్రయాణం

ఎండలో నిలిపిన కారు గురించి ఎంత చెప్పినా తక్కువే. గిటార్ అతుకుల్లో వాడే జిగుళ్లు 60, 70 డిగ్రీల మధ్యకు వచ్చేసరికి మెత్తబడి పట్టు సడలుతాయి. మూసిన కారులో, నల్ల కేసు లోపల ఆ వేడి పుట్టడం పెద్ద కష్టం కాదు. తీగలు లాగుతూనే ఉంటాయి కాబట్టి బ్రిడ్జి లేస్తుంది, మెడ కోణం మారుతుంది. పది నిమిషాల పనైనా గిటార్ మీతోపాటే దిగాలి.

చలి నుంచి లోపలికి తెచ్చినప్పుడు ఆత్రం పనికిరాదు. ముఖ్యంగా నైట్రోసెల్యులోజ్ ఫినిష్ (ఒక రకం లక్కర్ పూత) ఉన్న గిటార్లలో. చల్లగా ఉన్న గిటార్‌కు ఒక్కసారిగా వెచ్చటి గాలి తగిలితే ఫినిష్‌లో సన్నటి బీటలు పడతాయి. కేసు మూసే ఉంచి గది వేడికి వచ్చేదాకా కొన్ని గంటలు వదిలేయండి. అదే నైట్రో ఫినిష్‌కు ఇంకో బలహీనత ఉంది. కొన్ని స్టాండ్ల రబ్బరు తొడుగులు, వినైల్ పట్టీలు ఆనిన చోట రసాయన చర్య జరిగి ఫినిష్ మెత్తబడి మచ్చ పడుతుంది. నూలు గుడ్డ చుట్టిన స్టాండే నయం.

ప్రయాణంలో ఎక్కువగా విరిగేది మెడ, హెడ్‌స్టాక్ కలిసే చోటు. గిబ్సన్ తరహా గిటార్లలో హెడ్‌స్టాక్ 17 డిగ్రీల దాకా వెనక్కి వాలి ఉంటుంది. ఒకే మహోగని ముక్కలోంచి ఆ వంపు కోయడంతో అక్కడ నార పొట్టిగా తెగుతుంది. పైగా ట్రస్ రాడ్ తిప్పే మర కోసం తవ్విన గుంట అక్కడే. కేసు పడినప్పుడు గిటార్ ఒళ్లు ఆగిపోతుంది, హెడ్‌స్టాక్ ఆగదు. కేసు మీద గీత కూడా లేకుండా లోపల మెడ విరిగి ఉండడం ఇలాగే. అందుకని హెడ్‌స్టాక్ చుట్టూ, కిందా పైనా మెత్తటి టీషర్టులు నింపి కదలకుండా చేయండి. తీగలు ఒక స్వరం మేర దించడం కూడా మంచిదే. పూర్తిగా వదిలేయడం అనవసరం.

దేశం దాటించేవాళ్లకు కాగితాల సంగతి ఒకటుంది. పెద్దాకు మహోగని 2003 నుంచి సైటిస్ (అంతరించే ముప్పున్న జంతువులు, చెట్ల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది, కానీ ఆ ఆంక్షలు దుంగలు, కోసిన చెక్క, వెనీర్, ప్లైవుడ్‌కే. తయారైన గిటార్‌కు వర్తించవు. చిక్కంతా పాత గిటార్లతోనే. మార్టిన్ 1969 దాకా బ్రెజిలియన్ రోజ్‌వుడ్ వాడింది. ఆ చెక్క 1992 నుంచి అన్నిటికన్నా కఠినమైన మొదటి అనుబంధంలో ఉంది. మీ మహోగని గిటార్‌కు ఫ్రెట్‌బోర్డో బ్రిడ్జో అదయ్యుండొచ్చు. నట్ (మెడ పై కొసన తీగలు ఆనే పట్టీ) ఏనుగు దంతమో, పిక్‌గార్డ్ (ముందు పలక మీద గీతలు పడకుండా అతికించే రేకు) అసలు తాబేటి చిప్పో అయితే ఇంకా ఇబ్బంది. టికెట్ కొనేముందే పర్మిట్ సంగతి తేల్చుకోండి, కస్టమ్స్ బల్ల దగ్గర కాదు.

వాయించేటప్పుడు

ఇక్కడ చెప్పాల్సింది తక్కువ. చెమట కాలంలో వాయించడం అయ్యాక తీగలు, మెడ వెనుక భాగం, ముంజేయి ఆనే చోటు పొడి గుడ్డతో తుడవండి. మహోగని రంధ్రాలున్న చెక్క. పల్చటి, అంతగా మెరవని శాటిన్ ఫినిష్ మీద ఆ రంధ్రాల్లో మురికి దిగి నల్లగా కూర్చుంటుంది. కాస్త తడి చేసి పిండిన గుడ్డ చాలు, వెంటనే పొడిగుడ్డ వేయాలి. పాలిష్‌లు పూస్తే శాటిన్ అక్కడక్కడ మెరిసిపోయి అసహ్యంగా తయారవుతుంది. సిలికాన్ ఉన్నవైతే రేపు రిపేరు చేసేవాడికి జిగురు, ఫినిష్ పట్టక తల నొప్పి. నూనె రాసేది ఫ్రెట్‌బోర్డుకు మాత్రమే, ఏడాదికి ఒకటి రెండు సార్లు, అదీ రెండు చుక్కలు.

మహోగని ముందు పలక బలంగా కొట్టినా తట్టుకుంటుందని 13 గేజ్ తీగలు వేసేవాళ్లున్నారు. తయారీదారు 12కే కట్టిన గిటార్ అయితే వేయకండి, అందులోనూ తేమ కాలంలో, పలక అప్పటికే ఉబ్బి ఉన్నప్పుడు. సెటప్ (తీగల ఎత్తు, మెడ వంపు సరిచేయడం) చేయించాలనుకుంటే కాలం మారగానే పరిగెత్తవద్దు. కొత్త వాతావరణం కుదురుకుని, కేసులో హైగ్రోమీటర్ రెండు వారాలు ఒకే చోట నిలిచాక తీసుకెళ్లండి. ఆ అంకెతోపాటు మీరు ముందు రాసి పెట్టుకున్న యాక్షన్ కొలతలు కూడా లూథియర్ చేతిలో పెట్టండి.