విత్తనం తలకిందులుగా పడితే వేరు ఎటు పోతుంది? ఇంట్లోనే ఇలా చూడండి

మృగశిర కార్తెలో నల్లగొండ, పాలమూరు చెలకల్లో నాగలి వెంట గింజలు వేసే చేతికి ఏ గింజ ఎటు తిరిగి పడిందో చూసే తీరిక ఉండదు. బోర్లా పడినా, వెల్లకిలా పడినా, పక్కకు ఒరిగినా వేరు కిందికే దిగుతుంది, మొలక పైకే లేస్తుంది. మట్టిలోపలి చీకట్లో దానికి కింద ఏదో పైన ఏదో ఎలా తెలుస్తుంది? భూమి లాగే దిక్కును బట్టి వేరు, కాండం వంగడాన్ని గురుత్వానువర్తనం అంటారు, పిల్లలు పుస్తకంలో ఆ మాటను బట్టీ పడతారు. ఒక గాజు గ్లాసు, గుప్పెడు బొబ్బర్లు ఉంటే వారం రోజుల్లో దాన్ని కళ్లారా చూడవచ్చు.

ముందు గింజల సంగతి. బొబ్బర్లు, అంటే అలసందలు, పెద్దగా ఉంటాయి కాబట్టి చూడడానికి అనువు. వాటితోపాటు కొన్ని కందులు, కొన్ని జొన్నలు తీసుకోండి. కందిపప్పు పనికిరాదు. పొట్టు తీసి బద్దలు చేసినప్పుడే మొలక భాగం దెబ్బతింటుంది. విత్తనాల దుకాణంలో గులాబీ రంగు పూసి అమ్మే గింజలను పిల్లల చేతికి ఇవ్వకండి, ఆ రంగు వెనుక తెగుళ్లు రాకుండా పట్టించే విత్తనశుద్ధి మందు ఉంటుంది. ఇంట్లో వండుకునే గింజలే చాలు, మరీ పాతవి కాకూడదు.

గింజలను రాత్రంతా నానబెట్టండి. పొద్దున ఒక బొబ్బరగింజను తీసి, నల్లటి మచ్చ ఉన్న పక్కను పైకి పెట్టి, వేళ్లతో మెల్లగా నొక్కండి. మచ్చ పక్కనున్న సన్నని రంధ్రం నుంచి నీటి బొట్టు ఒకటి ఉబికి వస్తుంది. ఇప్పుడు పొట్టు ఒలిచి రెండు బద్దలను విడదీయండి. ఒక బద్ద అంచున బియ్యపు నూకంత మొక్క ముడుచుకుని ఉంటుంది. ఒక కొస వేరు, రెండో కొసన రెండు చిట్టి ఆకులు. చేతిలో భూతద్దం ఉంటే ఆ ఆకుల మీది గీతలు కూడా కనిపిస్తాయి. తొందరపడి తర్వాతి పనికి వెళ్లకండి, ఇది ఎంతసేపు చూసినా తనివి తీరదు.

గాజు గ్లాసు లోపలి గోడ చుట్టూ మందపాటి కాగితం అతికించినట్టు పెట్టి, నడుమ తడిగుడ్డ కుక్కండి. కాగితానికీ గాజుకూ మధ్య ఆరు గింజలను ఆరు తీరులుగా దూర్చండి: మచ్చ పైకి, కిందికి, పక్కలకు. అడుగున వేలి మందం నీరు పోయండి. గింజలు మునగకూడదు, మొలకకు తడితోపాటు గాలీ కావాలి. వాన తర్వాత నీరు నిలిచిన రేగడి మడిలో గింజలు కుళ్లిపోయేది గాలి అందకనే. మన ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి గ్లాసును కిటికీలో కాక, మంచినీళ్ల కుండ దగ్గర నీడలో ఉంచండి.

రెండు మూడు రోజుల్లో వేర్లు వస్తాయి. అన్నీ కిందికే. అవి అంగుళం సాగాక నీరు ఒంపేసి, గ్లాసును పక్కకు పడుకోబెట్టండి. ప్రతి వేరు కొస ఉన్నచోట గాజు మీద పెన్నుతో చుక్క పెట్టండి. పొద్దున పడుకోబెడితే రాత్రికల్లా వేర్లు మళ్లీ నేలవైపు వంగి ఉంటాయి, కాండం కప్పువైపు లేస్తుంది. వంపు కొసలో కాకుండా, కొసకు కొంచెం వెనక వస్తుందని మీ చుక్కలే చెబుతాయి.

దీని వెనుక కారణం ఇది. వేరు కొసకు తొడుగు ఉంటుంది. దాని కణాల్లో బరువైన పిండి రేణువులు ఉంటాయి. వేరు పక్కకు తిరగగానే అవి ఇప్పుడు కింద ఉన్న గోడవైపు జారతాయి. దాంతో ఆక్సిన్ అనే హార్మోన్ కింది పక్కకు ఎక్కువగా చేరుతుంది. వేరులో ఎక్కువైన ఆక్సిన్ ఎదుగుదలను తగ్గిస్తుంది. పైపక్క సాగుతుంది, వేరు కిందికి వంగుతుంది. కాండంలో అదే ఆక్సిన్ ఎదుగుదలను పెంచుతుంది కాబట్టి కాండం పైకి వంగుతుంది. ఒకే పదార్థం, రెండు చోట్ల రెండు రకాల పని. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి కొమ్మల నుంచి ఊడలు నేలను వెతుక్కుంటూ దిగేదీ ఈ బరువు జాడను పట్టుకునే.

వెలుతురు సంగతికి జొన్నలు మేలు. చిన్న డబ్బాలో మట్టి పోసి, జొన్నలు చల్లి, చెప్పుల అట్టపెట్టెలో మూసి పెట్టండి. సూదుల్లాంటి మొలకలు రాగానే సగం మొలకల కొసలకు రొట్టెలు చుట్టే అల్యూమినియం కాగితంతో చిన్న టోపీలు పెట్టి, పెట్టెకు ఒక పక్క రూపాయి బిళ్లంత రంధ్రం చేయండి. మర్నాటికి టోపీ లేనివి రంధ్రంవైపు వంగుతాయి, టోపీ ఉన్నవి నిటారుగానే ఉంటాయి. ఛార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ గడ్డి మొలకల మీద ఇలాగే చేసి చూసి, వెలుతురును పసిగట్టేది కొస, వంగేది దాని కింది భాగం అని 1880లో ప్రకటించారు.

చివరగా గ్లాసులోని బొబ్బర మొలకలను కుండీలోకి మార్చి, పక్కన నానిన కందులు నాటండి. బొబ్బర తన రెండు బద్దలను నేల పైకి మోసుకొస్తుంది. కంది వాటిని మట్టిలోనే దాచుకుని చిగురును మాత్రం పంపుతుంది. అందుకే మేక వచ్చి లేత మొలకను నేల మట్టానికి కొరికేస్తే బొబ్బర చనిపోతుంది. కందికి మట్టి లోపల ఇంకా మొగ్గలు ఉంటాయి. ఒక కంది మొలకను కత్తిరించి, నీళ్లు పోస్తూ కొన్ని రోజులు ఆగి చూడండి.