కోర్లు 96 ఉన్నా వేగం పెరగలేదా? సర్వర్‌లో వచ్చే సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

2022లో వచ్చిన ఏఎండీ సర్వర్ ప్రాసెసర్ ఎపిక్ 9654లో 96 కోర్లు (లెక్కలు చేసే భాగాలు), 192 థ్రెడ్లు (ఒక్కో కోర్ ఒకేసారి నడిపే రెండేసి పనుల వరుసలు) ఉంటాయి. 2024లో వచ్చిన ఎపిక్ 9965లో కోర్లే 192. పాత సర్వర్లు నాలుగైదు తీసేసి ఇలాంటిది ఒక్కటి పెట్టుకుంటే స్థలం, కరెంటు కలిసొస్తాయి. కానీ చిన్న మెషీన్ల కాలంలో రాసిన సాఫ్ట్‌వేర్ దీని మీద తడబడుతుంది. కింది లెక్కలన్నీ లైనక్స్ నడిచే 9654కి వేసినవి.

సమస్య: సీపీయూ చాలావరకు ఖాళీ, అయినా కంటైనర్‌లోని సర్వీసు ఆగి ఆగి జవాబిస్తోంది

అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. కంటైనర్‌కు (ప్రోగ్రామ్‌ను మిగతావాటి నుంచి వేరుగా నడిపే డబ్బా) 4 సీపీయూల లిమిట్ పెట్టారనుకోండి. ప్రతి 100 మిల్లీసెకన్లకు దానికి 400 మిల్లీసెకన్ల సీపీయూ సమయం దక్కుతుంది. లోపలి ప్రోగ్రామ్ మాత్రం మెషీన్‌లో 192 థ్రెడ్లు కనిపించాయి కదా అని తానూ అన్ని థ్రెడ్లు లేపుతుంది. అవన్నీ ఒకేసారి నడిస్తే కోటా దాదాపు 2 మిల్లీసెకన్లలో ఖర్చయిపోతుంది, మిగతా 98 మిల్లీసెకన్లు అందరూ ఆగిపోవాల్సిందే. పాత 16 థ్రెడ్ల మెషీన్‌లో అదే కోటా 25 మిల్లీసెకన్లు వచ్చేది. అప్పుడు కనిపించని జబ్బు ఇప్పుడు బయటపడిందంటే కారణం ఇదే.

నిర్ధారణకు సీగ్రూప్ (ఇలాంటి లిమిట్లను అమలు చేసే లైనక్స్ ఏర్పాటు) డైరెక్టరీలో సీపీయూ డాట్ స్టాట్ ఫైలు తెరవండి. మొత్తం పీరియడ్లలో (ఆ 100 మిల్లీసెకన్ల విడతల్లో) ఎన్నిసార్లు థ్రాటిల్ అయిందో, అంటే కోటా అయిపోయి ఆగిందో, అందులో ఉంటుంది. ఆ సంఖ్య నిమిషనిమిషానికీ ఎగబాకుతుంటే దోషం దొరికినట్టే.

వెంటనే లిమిట్ పెంచకండి, ముందు థ్రెడ్లు తగ్గించండి. గో భాషలో ఒకేసారి నడిచే థ్రెడ్ల సంఖ్యను నిర్ణయించే గోమ్యాక్స్‌ప్రాక్స్‌ను 4కి కట్టేయండి; 1.25 వెర్షన్ నుంచి అది లిమిట్‌ను తానే చూసుకుంటుంది. జావా 10 నుంచి ఆ జాగ్రత్త ఉంది. పైథాన్‌లో ఓఎస్ మాడ్యూల్ ఇచ్చే సీపీయూ కౌంట్ మాత్రం మెషీన్ మొత్తానిది, కాబట్టి వర్కర్ల (పని పంచుకునే ప్రాసెస్‌ల) సంఖ్య చేత్తో రాయాలి. లెక్కల లైబ్రరీలు వాడితే వాటి లోపల ఓపెన్‌ఎంపీ తెరిచే థ్రెడ్ల సంఖ్యను కూడా బిగించాలి. 16 వర్కర్లు ఒక్కోటి 192 థ్రెడ్లు తెరిస్తే 3,072 అవుతాయి!

సమస్య: 30, 40 కోర్ల దాకా వేగం పెరిగి, ఆ తర్వాత కదలడం లేదు

ముందు మూత తీసి ర్యామ్ స్లాట్లు చూడండి, లేదా డీఎంఐడీకోడ్ కమాండ్‌తో మెమరీ వివరాలు తీయండి. ఈ ప్రాసెసర్‌కు 12 మెమరీ చానెళ్లు (ర్యామ్‌తో డేటా నడిచే దారులు) ఉన్నాయి. డీడీఆర్5-4800 ర్యామ్‌తో ఒక్కో చానెల్ సెకనుకు 38.4 జీబీ ఇస్తుంది, అన్నీ నింపితే 460.8 జీబీ. 256 జీబీ చాలని 64 జీబీ కర్రలు నాలుగు గుచ్చితే దక్కేది 153.6 జీబీయే, కోర్‌కు 1.6 జీబీ. ప్రాసెసర్ మీద లక్షలు పోసి ఇక్కడ పిసినారితనం చూపడం అన్యాయం. 32 జీబీవి 12 పెట్టండి: ఒకే సైజు, చానెల్‌కు ఒకటి. చానెల్‌కు రెండేసి పెడితే సామర్థ్యం పెరుగుతుంది గానీ ర్యామ్ వేగం పడిపోతుంది.

ర్యామ్ సరిగానే ఉంటే, సీపీయూ సమయం ఏ ఫంక్షన్లలో పోతోందో చూపే పెర్ఫ్ టాప్ నడపండి. పై వరుసల్లో స్పిన్‌లాక్ ఫంక్షన్లు కనిపిస్తే కోర్లు పని మానేసి తాళం (ఒకే డేటాను ఒకసారికి ఒక్కరే తాకేలా చేసే లాక్) కోసం క్యూలో ఉన్నట్టు. పనిలో 5 శాతం ఒక్కరే చేయాల్సినదైతే 96 కోర్లు పెట్టినా వేగం 17 రెట్లు దాటదు. కోడ్ మార్చే వీలుంటే ఆ తాళాన్ని ముక్కలు చేయండి. లేకపోతే ఒకే పెద్ద ప్రాసెస్ బదులు 12 చిన్నవి నడపండి. ఎందుకు 12 అంటే, ప్రాసెసర్ లోపల కోర్లున్న 12 చిప్లెట్లు (చిన్న చిప్ ముక్కలు) ఉన్నాయి. ఒక్కోదానిలో 8 కోర్లు 32 ఎంబీ ఎల్3 క్యాష్‌ను (చిప్‌లోనే ఉండే వేగమైన మెమరీని) పంచుకుంటాయి. ఏ కోర్ ఏ క్యాష్ కిందిదో ఎల్ఎస్‌సీపీయూ కమాండ్ విస్తృత పట్టికలో చూసి, టాస్క్‌సెట్‌తో ఒక్కో ప్రాసెస్‌ను ఒక్కో చిప్లెట్‌కు కట్టేయండి. నంబర్లు ఊహించి కట్టవద్దు.

సమస్య: రెండు సాకెట్ల సర్వర్‌లో అదే పని ఒకసారి త్వరగా, ఒకసారి ఆలస్యంగా

ప్రాసెస్ ఒక సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) మీద, దాని డేటా అవతలి సాకెట్ మెమరీలో ఉంటే ఇలా జరుగుతుంది; అక్కడికి చేరడానికి ఎక్కువ సేపు పడుతుంది. నుమాస్టాట్‌తో ఆ ప్రాసెస్ మెమరీ ఎటుందో చూడండి. ఒక సాకెట్‌లో పట్టే పనైతే నుమాసీటీఎల్‌తో కోర్లనూ మెమరీనీ ఒకే నోడ్‌కు (ఒక సాకెట్, దాని సొంత మెమరీ) బిగించండి. పట్టని పెద్ద డేటాబేస్ అయితే మెమరీని రెండు నోడ్లకూ ఇంటర్‌లీవ్ చేయండి, అంటే సమంగా పంచండి.

సమస్య: లీక్ లేదు, అయినా మెమరీ ఉబ్బుతోంది

లైనక్స్‌లోని జీలిబ్‌సీ లైబ్రరీలో ప్రోగ్రామ్‌కు మెమరీ ఇచ్చే మాలాక్, థ్రెడ్ల కోసం అరీనాలు (విడివిడి మెమరీ నిల్వలు) తెరుస్తుంది. 64 బిట్ మెషీన్‌లో వాటి గరిష్ఠ పరిమితి సీపీయూల సంఖ్యకు 8 రెట్లు, అంటే ఇక్కడ 1,536. ఆ పరిమితిని మార్చే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ మాలాక్ అరీనా మ్యాక్స్‌ను 2 లేదా 4కి పెట్టి సర్వీసును రీస్టార్ట్ చేయండి. వేగం తగ్గిందనిపిస్తే మాలాక్‌కు బదులుగా వాడే జేఇమాలాక్‌కు మారండి.

సమస్య: సీపీయూ వాడకం 50 శాతమే, ఇంకో రెట్టింపు లోడ్ ఎక్కడం లేదు

192 థ్రెడ్లలో సగం నిండాయంటే 96 అసలు కోర్లూ పనిలో ఉండి ఉండవచ్చు. మిగతా సగం వాటి జంట థ్రెడ్లే, కాబట్టి అక్కడ రెండో 96 కోర్లు లేవు. సామర్థ్యం లెక్క వేసేటప్పుడు ఆ శాతాన్ని నమ్మకుండా, లోడ్ మెల్లగా పెంచుతూ జవాబు సమయం ఎక్కడ విరుగుతుందో కొలిచి ఆ అంకె రాసిపెట్టుకోండి.