వెబ్‌సైట్ చేయించుకునే పలాస జీడిపప్పు వ్యాపారులకు

పలాస జీడిపప్పును నేరుగా కొనుగోలుదారులకు అమ్మేందుకు వెబ్‌సైట్ చేయించుకునే వ్యాపారి, పని మొదలుకాకముందే ఎన్ని పేజీలు ఉంటాయో, మార్పులు ఎన్నిసార్లు చేసిపెడతారో, సొమ్ము ఏ దశలో ఎంత చెల్లించాలో కాగితం మీద రాయించుకోవాలి. డిజైన్ నమూనా మొదట బొమ్మగానే వస్తుంది. రంగులు, అమరిక మార్చమని అడగవలసింది అప్పుడే, ఎందుకంటే కోడింగ్ పూర్తయ్యాక అదే మార్పుకు సమయం, ఖర్చు రెండూ పెరుగుతాయి.

ఆలస్యం ఎక్కువగా జరిగేది సమాచారం దగ్గరే. డబ్ల్యూ-240, డబ్ల్యూ-320 రకాలకు విడివిడిగా ఫొటోలు, ప్యాకెట్ల బరువులు, ధరలు, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు మీరే ఇవ్వాలి. రకం పేరులోని 240, 320 వంటి అంకె ఒక పౌనుకు తూగే గింజల లెక్క అని, అంకె తగ్గేకొద్దీ గింజ పెద్దదని బయటి ఊళ్లవారికి తెలియదు కనుక, ఆ వివరణ కూడా మీరే రాసివ్వడం మంచిది.

డొమైన్ పేరు (వెబ్‌సైట్ చిరునామా) మాత్రం తప్పనిసరిగా మీ పేరున, మీ ఈమెయిలుతోనే నమోదు కావాలి; ఇందులో మొహమాటపడవద్దు, ఆ ఖాతా వేరొకరి చేతిలో ఉంటే రేపు డెవలపర్‌ను మార్చుకోవడమే కష్టమవుతుంది.

ప్రారంభానికి ముందు పరీక్షించడానికి ఒక లింకు ఇస్తారు. దాన్ని కొట్టులోని కంప్యూటరులో మాత్రమే కాక, తక్కువ ధర ఫోనులో మొబైల్ డేటాతో తెరిచి, పావుకిలో ప్యాకెట్టుకు ఆర్డరు పెట్టి, డబ్బు చెల్లించి, రసీదు వచ్చేవరకు చూడండి.