పీపా ఎక్కడి మాట? పదం పుట్టుక పట్టుకోవడం ఎలా

ఒక నోట్‌బుక్, పెన్సిల్, తెలుగు నిఘంటువు, పోర్చుగీసు నిఘంటువు చాలు. పెన్నుతో మాత్రం రాయకూడదు, చెరపాల్సింది చాలా ఉంటుంది.

ముందు మన వాడుక అర్థం రాయండి. పీపా అంటే నూనె, తారు, నీళ్లు పోసే పెద్ద గుండ్రటి డబ్బా. పీపాయి అనీ అంటాం. పక్కనే హిందీ పీపా, తమిళ పీప్పాయ్ రాయండి. తర్వాత ఈ మాట ఏ దారిన వచ్చిందో చూడండి. 1498లో వాస్కో డ గామా కోళిక్కోడ్ చేరాక పోర్చుగీసు ఓడల రాకపోకలు పెరిగాయి. ఆ ఓడల్లో వైన్, మంచినీళ్లు చెక్క పీపాల్లో ఉండేవి. వాళ్ల భాషలోనూ దాని పేరు పీపాయే. అల్మారా, బొత్తాం, తువ్వాలు కూడా ఆ భాష మాటలే.

అసలు చిక్కు ఇక్కడినుంచే. పోర్చుగీసుకి తల్లి భాష లాటిన్. అందులో 'పీపారే' అంటే పిట్ట కిచకిచలాడటం. ఆ మాటలోంచి ఊదే గొట్టానికి పేరు వచ్చింది, తర్వాత ఏ గొట్టానికైనా, ఆ తర్వాత పొడవాటి పీపాకి. ఇంగ్లీషు పైపు కూడా ఈ కుటుంబానిదే. పిట్టకూతకీ తారు డబ్బాకీ సంబంధమేమిటని కొట్టిపారేసేవాళ్లు మధ్యలో గొట్టాన్ని మర్చిపోతారు. ఒక్క మెట్టు కూడా దాటేయకండి.

అంతకన్నా పెద్ద తప్పు, చెవికి ఒకేలా వినిపిస్తే చుట్టరికం కలిపేయడం. జాతరలో పిల్లలు ఊదే పీపీ నుంచి పీపా పుట్టిందని, కాబట్టి లాటిన్‌కి తెలుగే మూలమని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. శబ్దాన్ని అనుకరించే మాటలు ఏ భాషలోనైనా వాటంతటవే పుడతాయి. చైనాలో పీపా ఒక తంత్రీవాద్యం, దీనితో సంబంధం లేదు. స్పానిష్‌లో పొద్దుతిరుగుడు గింజనీ పీపా అంటారు. అది 'పెపీతా' నుంచి వచ్చిన వేరే మాట. అందుకే ధ్వని, అర్థం, వచ్చిన దారి మూడూ కలిస్తేనే ఒప్పుకోవాలి. రెండు కలిసినా చాలదు. నిఘంటువులో మొదటి అర్థం చూసి ముగించే పద్ధతి కన్నా ఇది నెమ్మదే, కానీ తప్పుదారి పట్టించదు.

చివరగా పుట్టింట్లో ఆ మాట ఇప్పుడెలా ఉందో రాసుకోండి. పోర్చుగల్‌లోని డోరో లోయలో పోర్ట్ వైన్‌ను 550 లీటర్ల పీపాల లెక్కన కొలుస్తారు. బ్రెజిల్‌లో నీళ్ల ట్యాంకర్ 'కారు పీపా'. అక్కడే గాలిపటం కూడా పీపాయే. పాత వాడుక ఒక్కటైనా దొరికేదాకా ఆ గాలిపటానికీ మన డబ్బాకీ మధ్య బాణం గుర్తు గీయకండి.