ఒడిశా సరిహద్దు జిల్లాల్లో కొత్త కరెంటు కనెక్షన్, లోడు పెంపు: ఎలా చేయాలి?

కొత్త మీటరు గురించి తెలుగులో వెతికితే కనిపించే వీడియోలన్నీ దాదాపు ఆంధ్ర, తెలంగాణలవే. మీసేవకు వెళ్లండి, ఈపీడీసీఎల్ సైటు తెరవండి అంటారు. ఇచ్ఛాపురం దాటాక అవేవీ అక్కరకు రావు. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, మల్కన్‌గిరి ఊళ్లన్నిటికీ కరెంటు ఇచ్చేది టీపీ సదరన్ ఒడిశా డిస్ట్రిబ్యూషన్ లిమిటెడ్, పొట్టిగా టీపీఎస్ఓడీఎల్. 2021 జనవరి 1న పాత కరెంటు కంపెనీ సౌత్‌కో పని ఇది అందుకుంది. ఇందులో టాటా పవర్‌కు 51 శాతం, ఒడిశా ప్రభుత్వం వైపు 49 శాతం వాటా. పెద్దవాళ్లు ఇంకా సౌత్‌కో ఆఫీసనే అంటారు, ఆ పేరు చెప్పినా అందరికీ అర్థమవుతుంది.

అప్లికేషన్ పెట్టడం పెద్ద పని కాదు. జనం తిరగాల్సి వచ్చేది లోడు లెక్క తప్పినప్పుడు, కాగితాల్లో పేర్లు కలవనప్పుడు. ఆ రెండూ ఇంట్లో కూర్చునే తేల్చుకోవచ్చు.

ముందు లోడు లెక్క

ఒక తెల్ల కాగితం తీసుకుని ఇంట్లో ఉన్నవి, రాబోయే రెండేళ్లలో కొనాలనుకున్నవి రాయండి. బరంపురంలో రెండు గదులు, హాలు ఉన్న మామూలు ఇల్లు అనుకుందాం. ఎల్ఈడీ బల్బులు ఎనిమిది, ఒక్కోటి 9 వాట్లు: 72. పాత రకం ఫ్యాన్లు అయిదు, ఒక్కోటి 75: మొత్తం 375. ఫ్రిజ్ 200, టీవీ 100, మిక్సీ 750, ఇస్త్రీపెట్టె 1000, ఒక హార్స్‌పవర్ మోటారు 750, టన్నున్నర ఏసీ 1600, గీజరు 2000. అన్నీ కూడితే 6,847 వాట్లు, అంటే దాదాపు 7 కిలోవాట్లు.

కానీ ఇవన్నీ ఒకేసారి నడవవు. ఏసీ మే నెల ఉక్కలో నడిస్తే గీజరు పుష్యమాసం చలిలో నడుస్తుంది. ఏసీ వేసి, మోటారు ఆన్ చేసి, మరోపక్క ఇస్త్రీ చేస్తున్నా, లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ కలుపుకుని 4,100 వాట్ల దగ్గర ఆగుతుంది. ఫారంలో కనెక్టెడ్ లోడు వేరు, మీరు అడిగే కాంట్రాక్ట్ డిమాండు వేరు. మొదటిదానికి ఇంట్లో ఉన్న సామాన్లన్నీ రాయండి. రెండోదానికి ఒకేసారి నడిచేదాన్ని ఆధారం చేసుకోండి. ఈ ఇంటికైతే 5 కిలోవాట్లు సరిపోతాయి.

ఎందుకైనా మంచిదని పది రాయించే వాళ్లుంటారు. వద్దు. నెలనెలా కట్టే స్థిర చార్జీ కిలోవాట్ల లెక్కన పడుతుంది, వాడినా వాడకపోయినా. సెక్యూరిటీ డిపాజిట్ కూడా లోడును బట్టి పెరుగుతుంది. అలాగని డబ్బు మిగులుతుందని ఒక కిలోవాటు రాయించి రెండు ఏసీలు పెట్టడమూ తెలివైన పని కాదు. దాని సంగతి కింద చెప్తాను.

సింగిల్ ఫేజా, త్రీ ఫేజా అన్న ప్రశ్న సాధారణంగా 5 కిలోవాట్ల దగ్గర వస్తుంది. మీది ఆ గీత మీదే ఉంటే సెక్షన్ ఆఫీసులో జూనియర్ ఇంజనీరును (జేఈని) అడిగి తేల్చుకోండి. త్రీ ఫేజ్ అయితే మీటరు ఒక్కటే కాదు, లోపలి డిస్ట్రిబ్యూషన్ బోర్డు, వైరింగ్ కూడా మూడు ఫేజులకు సమంగా పంచాలి. మూడు వైర్లు వచ్చాక ఇల్లంతా ఒకే ఫేజు మీద నడుపుకునే ఇళ్లు చాలానే ఉన్నాయి, అలాంటప్పుడు ఆ ఖర్చంతా వృథా.

కాగితాలు

ముఖ్యంగా కావాల్సినవి రెండు: మీరెవరో చెప్పే కాగితం, ఆ ఇల్లు మీదనో మీరు అందులో ఉంటున్నారనో చెప్పే కాగితం. మొదటిదానికి ఆధార్ చాలు. రెండోదానికి పట్టా, రిజిస్టర్డ్ దస్తావేజు లేదా హోల్డింగ్ టాక్స్ రసీదు. అద్దెకున్నవాళ్లకు అగ్రిమెంటు, ఓనరు సమ్మతి పత్రం.

మన తెలుగువాళ్లకు చిక్కు ఇక్కడే వస్తుంది. పట్టా ఒడియాలో ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందుంటే, పట్టాలో పొడి అక్షరంగా ఉంటుంది, లేదా చివరకు పోతుంది. ఒకచోట అప్పారావు ఒకే మాట, మరోచోట అప్పా వేరు, రావ్ వేరు. ఒడిశా భూమి రికార్డుల సైటు భూలేఖ్‌లో మీ జిల్లా, తహసీల్, మౌజా (రెవెన్యూ గ్రామం) ఎంచుకుని ఖాతా నంబరుతో పట్టా తెరిచి, ఒడియా చదవగలిగే వాళ్ల పక్కన కూర్చుని పేరు అక్షరం అక్షరం చూసుకోండి. చిన్న తేడాకైతే ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ పెడితే సాధారణంగా పని జరుగుతుంది. పట్టా తాతగారి పేరునే ఉంటే వారసత్వ ధ్రువపత్రం, మిగతా వాటాదారుల అభ్యంతరం లేదనే లేఖ సిద్ధం చేసుకోవాలి. అన్నదమ్ముల మధ్య మాటలు బాగున్న రోజుల్లోనే ఆ సంతకాలు తీసుకోవడం మేలు.

రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి షెడ్యూల్డ్ ప్రాంతాలు. 1956 నాటి రెగ్యులేషన్ 2 వల్ల అక్కడ ఆదివాసీల భూమి ఇతరుల పేరుకు మారదు. తరతరాలుగా అక్కడ ఉంటున్నా చేతిలో పట్టా లేని కుటుంబాలు ఉన్నాయి. విద్యుత్ చట్టం 2003 లోని 43వ సెక్షన్ యజమానికే కాదు, ఆ చోట ఉంటున్నవారికి కూడా కరెంటు అడిగే హక్కు ఇచ్చింది. పంచాయతీ ఇచ్చిన నివాస పత్రం, రేషన్ కార్డు వంటివి పట్టుకెళ్లి అడగండి. కానీ కరెంటు బిల్లు భూమికి హక్కు పత్రం కాదు. బిల్లు వస్తోంది కాబట్టి స్థలం మనదైపోయిందని ఎవరైనా నమ్మించి అమ్మజూపితే కొనకండి.

అడ్రసు ఒడిశా పద్ధతిలోనే రాయండి: ఎట్, పోస్టు, వయా, పోలీస్ స్టేషన్, జిల్లా. వీటితో పాటు పక్కింటివాళ్ల బిల్లు మీద ఉండే కన్స్యూమర్ నంబరు, దగ్గరి స్తంభం మీద పెయింటుతో రాసిన నంబరు నోట్ చేసుకోండి. ఇల్లు ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉందో వాటిని బట్టే ఇట్టే తెలిసిపోతుంది.

వైరింగ్, ఎర్తింగ్, టెస్ట్ రిపోర్టు

టెక్కలి నుంచో పలాస నుంచో తెలిసిన మేస్త్రీని పిలిపించి వైరింగ్ చేయించుకోవడం ఇక్కడ మామూలే. చేయించుకోండి, కానీ పూర్తయ్యాక ఇచ్చే టెస్ట్ రిపోర్టు మీద ఒడిశా ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు సంతకం ఉండాలి. పని మొదలుపెట్టే ముందే ఆ సంతకం ఎవరు పెడతారో మాట్లాడుకోండి. ఇంకొకరు చేసిన పనికి చివర్లో సంతకం పెట్టమంటే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే న్యాయం.

ఏసీకి, గీజరుకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు విడిగా లాగించండి. బోర్డులో 30 మిల్లీఆంప్ ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే స్విచ్, తప్పకుండా పెట్టించండి. బట్టలారేసే తీగకు కరెంటు తగిలి ప్రాణాలు పోతున్న కబుర్లు ప్రతి వానాకాలం వింటూనే ఉన్నాం, ప్రాణం కాపాడేది ఆ పెట్టెలోని ఆ ఒక్క స్విచ్చే. నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడిపోవాలి. పడకపోతే మార్చేయండి. ఎర్త్ గుంతలో జీఐ పైపు, బొగ్గు, ఉప్పు మామూలే. కొండ ప్రాంతాల రాతి నేలలో మాత్రం ఒక్క గుంత చాలకపోవచ్చు, మీటరుతో కొలిపించండి. వేసవిలో ఆ గుంతలో నీళ్లు పోయడం మరవకండి.

మీటరు పెట్టె జల్లు పడని చోట, కంటి ఎత్తులో, గేటు దగ్గరగా ఉండాలి. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తుఫాన్లు వచ్చినప్పుడు గంజాం, గజపతి జిల్లాల్లో ఎన్ని స్తంభాలు నేలకొరిగాయో చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. సర్వీసు వైరు గోడలోకి దూరే చోట పైపు మూతి కిందికి వంగి ఉండాలి, వైరు కూడా లోపలికి వెళ్లే ముందు కాస్త కిందికి వేలాడాలి. అలా ఉంటే వాన నీరు ఆ వంపు దగ్గరే బొట్లుబొట్లుగా రాలిపోతుంది. లేకపోతే తీగ వెంట జారి నేరుగా మీటరులోకి పోతుంది.

మేడ మీద మేడ వేస్తున్నవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. ఇంటి ముందు పోయే ఎల్‌టీ లైను (ఇళ్లకు కరెంటు ఇచ్చే తక్కువ వోల్టేజి లైను) ఇంటి పైకప్పుకు నిలువునా 2.5 మీటర్లు, గోడకు పక్కన 1.2 మీటర్లు దూరంలో ఉండాలి. 11 కేవీ లైనుకైతే నిలువు దూరం 3.7 మీటర్లు. బరంపురం పాత వీధుల్లో బాల్కనీ ముందుకు తోసేసి, తర్వాత లైను జరపమని అర్జీ పెట్టేవాళ్లు కనిపిస్తారు. ఆ ఖర్చు మామూలుగా అడిగినవాళ్లదే.

అప్లికేషన్

టీపీఎస్ఓడీఎల్ వెబ్‌సైటులో గానీ, కస్టమర్ కేర్ సెంటర్లో గానీ, సెక్షన్ లేదా సబ్‌డివిజన్ ఆఫీసులో గానీ ఇవ్వొచ్చు. సందేహాలకు 1912. ఫారం ఆన్‌లైన్లో పెట్టడమే నాకు నచ్చుతుంది, ఎందుకంటే వెంటనే రిఫరెన్స్ నంబరు వస్తుంది, ఏ రోజు పెట్టారో రికార్డవుతుంది. ఆ తేదీ ఎంత ముఖ్యమో చూడండి. 2024 ఫిబ్రవరిలో సవరించిన కేంద్ర విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం, అన్ని కాగితాలూ సరిగా ఉన్న అప్లికేషన్ అందాక కొత్త కనెక్షన్ గానీ లోడు మార్పు గానీ మున్సిపాలిటీల్లో 7 రోజుల్లో, పల్లెల్లో 15 రోజుల్లో, కొండ ప్రాంతపు పల్లెల్లో 30 రోజుల్లో జరగాలి. లైను పొడిగించాల్సి వచ్చినా, ట్రాన్స్‌ఫార్మర్ మార్చాల్సి వచ్చినా ఈ గడువులు వర్తించవు. అలా అయితే మీకు ఎస్టిమేట్ ఇస్తారు, అందులో ఏ సామానుకు ఎంతో విడిగా రాసి ఇవ్వమని అడగండి.

డబ్బు ఆన్‌లైన్లోనో కౌంటరులోనో రసీదుకే కట్టండి. ప్రాసెసింగ్ ఫీజు, సర్వీసు చార్జీ, సెక్యూరిటీ డిపాజిట్ తప్ప, చేతికి ఇవ్వమనే ప్రతి రూపాయికీ రసీదు అడగండి. అడగగానే చాలామంది వెనక్కి తగ్గుతారు. డిపాజిట్ మీదే, దానికి ఏటా వడ్డీ బిల్లులో జమ అవుతుంది, చూసుకోండి. అప్లికేషన్ పెట్టాక ఫోనులో ఏదో ఫైలు డౌన్‌లోడ్ చేయమనో, రాత్రికి కరెంటు తీసేస్తామనో మెసేజి వస్తే అది మోసం.

మీటరు బిగించిన రోజు దాని నంబరు, మొదటి రీడింగు ఫోటో తీసుకోండి. తర్వాత మెయిన్ స్విచ్ ఆపేసి మీటరు మీద మెరిసే ఎర్ర లైటు చూడండి. ఇంట్లో ఏదీ నడవనప్పుడు కూడా అది మెరుస్తుంటే మెయిన్ స్విచ్‌కు ముందే ఎక్కడో కరెంటు పోతోంది. లైన్‌మన్ మెట్లు దిగకముందే చూపించండి.

ఉన్న కనెక్షన్‌కు లోడు పెంచడం

పాత బాకీ లేకుండా చూసుకుని అదే సైటులో లోడు పెంపు ఎంచుకోవాలి. పెరిగిన లోడుకు తగ్గ డిపాజిట్ తేడా కడితే, అవసరమైతే మీటరు, సర్వీసు వైరు మారుస్తారు. మీకు ఎంత కావాలో ఊహించక్కర్లేదు. గత ఏడాది బిల్లుల్లో గరిష్ఠ డిమాండు అన్న గడి ఉంటుంది, వేసవి నెలల అంకె చూస్తే చాలు.

స్మార్ట్ మీటరు ఉన్నవాళ్లకు అవే హక్కుల నిబంధనల 2023 సవరణలో ఒక వెసులుబాటు ఉంది. ఒక నెల డిమాండు మంజూరైన లోడును దాటితే ఆ నెల బిల్లు ఆ అసలు అంకె ప్రకారమే వేస్తారు. ఆర్థిక సంవత్సరంలో కనీసం మూడుసార్లు దాటితేనే లోడు పెంచుతారు. పెళ్లికి వేసిన లైట్ల కోసం భయపడనక్కర్లేదు.

ఇంటి మీటరు మీద వ్యాపారం నడపడం మాత్రం వేరే విషయం. బరంపురం అప్పడాలకు, పచ్చళ్లకు పేరున్న ఊరు. ఇంట్లో మొదలైన పని పెరిగి గ్రైండర్లు, ప్యాకింగ్ మిషన్లు వచ్చాక కూడా గృహ కేటగిరీలోనే ఉంటే, విద్యుత్ చట్టంలోని 126వ సెక్షన్ కింద అనధికార వాడకం అవుతుంది. అప్పుడు ఆ వాడకానికి వర్తించే కేటగిరీ రేటుకు రెట్టింపు వేస్తారు, ఎప్పటి నుంచో తేలకపోతే పన్నెండు నెలలకు లెక్కిస్తారు. కొత్త ఇంటి నిర్మాణానికి పక్కింటి నుంచి వైరు లాగడం కూడా ఇందులోకే వస్తుంది. దానికి తాత్కాలిక కనెక్షన్ ఉంది, వాడుకోండి.

గడువు దాటినా కదలిక లేకపోతే ముందు 1912లో ఫిర్యాదు పెట్టి నంబరు తీసుకోండి. తర్వాత సబ్‌డివిజన్ అధికారికి (ఎస్‌డీఓకు) రాతపూర్వకంగా ఇచ్చి, మీ దగ్గర ఉంచుకునే కాపీ మీద ముద్ర వేయించుకోండి. అప్పటికీ కాకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, దాని పైన అంబుడ్స్‌మన్ ఉన్నారు. వేదికకు రాసేటప్పుడు ఇంగ్లీషులో గానీ ఒడియాలో గానీ ఒక్క పేజీ చాలు: రిఫరెన్స్ నంబరు, తేదీ, కట్టిన డబ్బు, ఇంకా ఏం జరగలేదో. ముద్ర వేసిన కాపీ, రసీదులు జత చేయండి.