చెవిలో చీము ఆగి తలనొప్పి మొదలైతే

ఈఎన్‌టీ వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. "చిన్నప్పటి నుంచీ కారుతూనే ఉంది సిస్టర్, ఇప్పుడేం కొత్త కాదు" అనే మాట వింటే నాకు టెన్షన్ పట్టుకుంటుంది.

మధ్యచెవికి పైకప్పు పల్చటి ఎముక. దానిపైనే మెదడు. వెనకవైపు చిన్నమెదడు, తలలోంచి రక్తాన్ని కిందికి దించే పెద్ద సిర ఉంటాయి. చీము కొద్దిగానే వస్తూ కుళ్లు వాసన కొడుతుంటే కొలెస్టియాటోమా ఉండొచ్చు. అంటే చర్మం లోపలికి చేరి పెరుగుతూ ఎముకను తినేయడం. అది మందులతో పోదు, మాస్టాయిడ్ (చెవి వెనకుండే ఎముక) ఆపరేషన్ కావాలి. వాసన లేకపోయినా, రెండు వారాలకు మించి చెవి కారితే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాల్సిందే.

పదో తరగతి అబ్బాయిని తీసుకొచ్చిన ఒక తల్లి "చీము ఆగింది, తగ్గిపోయిందనుకున్నాం" అంది. అప్పటికే పిల్లాడు తలనొప్పితో వాంతులు చేసుకుంటున్నాడు. స్కాన్‌లో మెదడులో చీముగడ్డ కనిపించింది. ఏళ్లుగా కారుతున్న చెవి ఉన్నట్టుండి ఆగి తలనొప్పి మొదలైతే, చీము లోపలికి దారి చేసుకుందేమోనని అనుమానించాలి. చలిజ్వరం, మెడ బిగుసుకుపోవడం, మత్తుగా పడుకోవడం, తూలుతూ నడవడం, మూతి వంకర పోవడం, ఫిట్స్, చెవి వెనక వాపు... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లండి. అక్కడ మొదటి మాటగా "చెవిలో చీము కారేది" అని చెప్పండి. జ్వరం, ఫిట్స్ గురించి చెప్పే కంగారులో చాలామంది ఈ ముక్క మర్చిపోతారు.

ఇంటి దగ్గర చెవిని పొడిగా ఉంచడమే ముఖ్యం. స్నానానికి ముందు దూదికి వాజిలీన్ రాసి చెవికి అడ్డం పెట్టి, తర్వాత తీసేయండి. బావుల్లో, కాలవల్లో ఈతలు వద్దు. వెల్లుల్లి కాచిన నూనె, ఆకు పసర్లు పోయొద్దు. పిన్నీసులు అసలే వద్దు. కర్ణభేరికి చిల్లున్నప్పుడు కొన్ని చుక్కలమందులు లోపలిచెవిని దెబ్బతీస్తాయి కాబట్టి పాత చీటీతో మెడికల్ షాపులో కొనకండి. డాక్టరు రాసిన మందు వేసేముందు చీమును మెత్తటి దూది వత్తితో అద్ది తీయండి. సీసాను అరచేతిలో కాసేపు పట్టుకుని వెచ్చబరచండి, చల్లటి మందు పడితే కళ్లు తిరుగుతాయి. వేశాక ఆ చెవి పైకి ఉండేలా ఐదు నిమిషాలు పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

బడికో అంగన్‌వాడీకో ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) డాక్టర్లు వస్తే పిల్లల చెవి సంగతి తప్పక చెప్పండి.